ఊళ్లో ఇంటి నెట్‌కి సిమ్ రౌటర్: చిన్నదా, బల్ల మీద పెట్టేదా?

కొబ్బరాకు
నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు ఊళ్లో ఉండి పని చేసుకోడానికి ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. ఊరు అమలాపురానికి 11 కిలోమీటర్లు, చుట్టూ కొబ్బరితోటలే. ఫైబర్ కనెక్షన్ ఉంది కానీ రెండు నెలల్లో ఐదుసార్లు తెగింది. తీగ కరెంటు స్తంభాల మీదుగా తోటలోంచి వస్తుంది. మట్ట ఊడిపడితే అంతే సంగతులు. ఫోన్ చేస్తే రేపొస్తాం అంటారు, నాలుగో రోజు వస్తారు. పోయిన మంగళవారం క్లయింట్ కాల్ మధ్యలో పోయింది. మర్నాడు ఆ పని నా దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చేశారు. ఏడాది కష్టపడిన పని అది.

ఫైబర్ పీకించేసి సిమ్ వేసుకునే రౌటర్ కొందామనుకుంటున్నా. జేబులో పట్టే చిన్నది 2,500 లోపు దొరుకుతోంది. యాంటెన్నాలున్న పెద్దది 5,000 పైన. ఇల్లు పాత మండువా ఇల్లు, గోడలు బాగా మందం. వెనక డాబా మీద ఒక గది ఉంది. రోజుకి ఆరు గంటలు వీడియో కాల్స్, పైన వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపేది). ఏది కొనమంటారు?

హాస్టల్‌బాబు
చిన్నది తీసుకో బ్రో. నేను అమీర్‌పేట హాస్టల్లో రెండేళ్లుగా అదే వాడుతున్నా. బస్సెక్కినా పనికొస్తుంది.

టవర్‌మేస్త్రి
మోడల్ సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ ఏ మూల ఎంత అందుతోందో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొట్టండి, ఫోన్ సమాచారం తెరుచుకుంటుంది. ఐఫోన్‌కి *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. అందులో సిగ్నల్ మైనస్ అంకెలో ఉంటుంది. -80 దగ్గర ఉంటే బంగారం. -100 దాటితే నీరసం. -110 దాటితే ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా దండగే. పైన కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కోలా గీస్తుంది.

పదిహేనేళ్లు టవర్ల మీద పనిచేశాను. రౌటర్ కొన్నాక సిగ్నల్ వెతుక్కునేవాళ్లే ఎక్కువ.

భీమవరం_చెరువు
చిన్నది ఇంట్లో పెట్టుకుని రోజంతా చార్జింగులో ఉంచుతానంటే మాత్రం వద్దండి. చెరువు గట్టు మీద షెడ్డులో కెమెరాల కోసం అలాంటిదే పెట్టాను. రేకుల షెడ్డు, ఎండాకాలం, ఇరవై నాలుగ్గంటలూ ప్లగ్గులోనే. నాలుగో నెలకి బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచిపోయింది. పాలేరు చూశాడు కాబట్టి సరిపోయింది. అవి దారిలో వాడుకోడానికి చేసినవి, ఇంటికి కావండి.

హాస్టల్‌బాబు
చెరువు గారూ, బ్యాటరీ తీసేసి వాడొచ్చు కదా?

భీమవరం_చెరువు
కొన్ని బ్యాటరీ లేకపోతే అసలు వెలగవు బాబూ. నాది అలాంటిదే.

ఓరుగల్లు_నెట్
హాస్టల్ తమ్ముడూ, నీకు ఒక్కటే రూము, పక్కనే టవర్. గాయనది పెద్ద ఇల్లు, మందం గోడలు. లెక్క వేరేగ ఉంటది. చిన్నదాంట్ల యాంటెన్నా లోపల్నే ఉంటది, బయటది పెట్టుకునేందుకు చాలా వాటికి జాగ ఉండది. వైఫై గూడ రెండు రూములు దాటదు. పెద్దదాంట్ల ఎల్‌టీఈ (4జీ) యాంటెన్నాలు ఊడదీసి వేరేవి పెట్టుకోవచ్చు, తీగతోటి నెట్ ఇచ్చే లాన్ పోర్టులుంటయి, బ్యాటరీ పంచాదే లేదు. నేను మా ఇంట్ల టీపీ-లింక్ ఎంఆర్6400 మూడేండ్ల నుంచి వాడుతున్న. అది క్యాట్ 4, అంటే కాగితం మీద డౌన్‌లోడ్ 150, అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, గని గోడలు దాటనీకి అదే మంచిది.

స్పెక్కులు_చదివేవాడు
ఇప్పుడు క్యాట్ 4 కొనడం నష్టం. క్యాట్ 6 తీసుకోండి, రెండు బ్యాండ్లు (టవర్ సిగ్నల్ నడిచే తరంగాల వరసలు) కలిపి లాగుతుంది, 300 దాకా వెళ్తుంది. ఆర్చర్ ఎంఆర్600 చూడండి, 5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా ఉంది.

టవర్‌మేస్త్రి
స్పెక్కులు గారు చెప్పింది డౌన్‌లోడ్ వరకు నిజం. కానీ క్యాట్ 6 అప్‌లోడ్ కూడా 50 దగ్గరే ఆగుతుంది. ఈయనకి కావాల్సింది కాల్స్. కాల్‌లో మన మొహం, మన గొంతు అవతలికి వెళ్లాలి, అది అప్‌లోడ్. నిలకడగా 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వస్తే మంచి వీడియో కాల్ నడిచిపోతుంది. 300 వచ్చి అప్‌లోడ్ ఒకటి దగ్గర కొట్టుకుంటే ఆయన గొంతు రోబోలా వినిపిస్తుంది.

బ్యాండ్ల మాట కూడా చెబుతాను. మన దగ్గర 4జీలో 2300 మెగాహెర్ట్జ్ అంటే బ్యాండ్ 40, 1800 అంటే బ్యాండ్ 3, 850 అంటే బ్యాండ్ 5, 900 అంటే బ్యాండ్ 8, 2100 అంటే బ్యాండ్ 1. బ్యాండ్ 40లో వెళ్లేదీ వచ్చేదీ ఒకే దారి, వంతులు వేసుకుని నడుస్తాయి. డౌన్‌లోడ్‌కి ఎక్కువ వంతులు ఇస్తారు కాబట్టి అప్‌లోడ్ బక్కచిక్కుతుంది. బ్యాండ్ 3, 5లకి రెండు దార్లూ విడివిడిగా ఉంటాయి. 850, 900 తోటలూ గోడలూ బాగా దాటతాయి, కానీ దారి ఇరుకు. రౌటర్ డబ్బా మీద మీ ఆపరేటర్ బ్యాండ్లన్నీ ఉన్నాయో లేదో చూడాలి.

డాలస్_మేనల్లుడు
ఈ బ్యాండ్ల సంగతి తెలీక నేను పొరపాటు చేశాను. తెనాలిలో అమ్మానాన్నల కోసం ఇక్కడ్నుంచి హాట్‌స్పాట్ డబ్బా పట్టుకెళ్లాను. అది ఇక్కడి కంపెనీకి లాక్ అయి ఉంది. లాక్ తీయించినా అందులో ముఖ్యమైనవి బ్యాండ్ 2, 12, 66, 71. మనూళ్లో అవేవీ లేవు. బయటి దేశం నుంచి ఎవరైనా తెస్తానంటే బ్యాండ్ల జాబితా అడగండి.

పాడేరు_గాలి
బీఎస్ఎన్ఎల్ సిమ్ వేసుకునేవాళ్లు బ్యాండ్ 28 కూడా చూడండి. మా ఏజెన్సీ ఊళ్లకి ఆ 700 బ్యాండే దిక్కు. సిగ్నల్ లేని 24,680 పల్లెలకి 4జీ ఇవ్వాలని 2022 జూలైలో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది కదా, మా కొండ మీద టవర్ అలా వచ్చిందే. ఇంతకుముందు మా తమ్ముడు స్కాలర్‌షిప్ ఫారం పంపడానికి ఘాట్ రోడ్డు మలుపు దాకా నడిచేవాడు. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని పంపుతున్నాడు. మొదట కొన్న రౌటర్లో 28 లేదు, తిరిగి ఇచ్చేసి వేరేది తెచ్చుకున్నాం.

లెక్కల_టీచరమ్మ
సిగ్నల్ సరే, డేటా మాటేమిటి? ఎవరూ అడగలేదు. వీడియో కాల్ గంటకి ఒక జీబీ దాకా తింటుంది. ఆరు గంటలంటే ఆరు జీబీ. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద 'అన్‌లిమిటెడ్ 5జీ' అని రాసి ఉంటుంది, అది చూసి నేను సిమ్ తెచ్చి 4జీ రౌటర్లో వేశాను. ఆ అన్‌లిమిటెడ్ 5జీ మీద నడిచినప్పుడే. 4జీ రౌటర్లో 2 జీబీ లెక్కే. అవి అయిపోయాక 64 కేబీపీఎస్. ట్యూషన్ పిల్లలకి త్రికోణమితి చెబుతుంటే పదకొండింటికల్లా బోర్డు ఆగిపోయింది. నలుగురు పిల్లలు లాగవుట్ అయ్యి మళ్లీ రాలేదు. ముందు డేటా లెక్క వేసుకోండి, తర్వాత డబ్బా కొనండి.

కొబ్బరాకు
టీచర్ గారూ, ఇది నాకు అస్సలు తట్టలేదు. నా మనసులో ఉన్నదీ ఆ ప్లానే.

రాజమండ్రి_వంతెన
మీ పిన్‌కోడ్‌కి ఎయిర్‌ఫైబర్ (తీగ లేకుండా టవర్ నుంచి వచ్చే ఇంటి నెట్) వస్తుందేమో చూడండి. మాకు జియోది ఉంది, 599 ప్లాన్. జీఎస్టీతో 707 అవుతుంది. 30 ఎంబీపీఎస్, నెలకి 1000 జీబీ. డాబా మీద ఒక డబ్బా బిగిస్తారు, అక్కడ్నుంచి ఒక్క తీగ లోపలి రౌటర్‌కి. ఇంట్లో ఐదుగురం వాడినా డేటా బెంగ లేదు. వర్షంలో కొద్దిగా తగ్గుతుంది తప్ప ఆగలేదు.

కొబ్బరాకు
చూశానండీ, మా ఊరికి ఇంకా లేదని చూపిస్తోంది. అమలాపురంలో పెద్దమ్మ వాళ్లకి ఉంది.

జుగాడ్_జానీ
పెద్దమ్మ గారి అడ్రస్ మీద తీసుకుని సిమ్ తెచ్చి మీ రౌటర్లో వేసుకోండి. డివైస్ నంబరు మార్చే యాప్‌లున్నాయి.

టవర్‌మేస్త్రి
ఆ పని పొరపాటున కూడా చేయొద్దు. ఆ సిమ్ ఆ డబ్బాకే కట్టేసి ఉంటుంది. ఐఎంఈఐ, అంటే ఆ డివైస్ నంబరు, మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. జానీ గారూ, ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి.

జుగాడ్_జానీ
చట్టం దాకా ఉందని తెలీదు మేస్త్రి గారూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

డాలస్_మేనల్లుడు
కొబ్బరాకు గారూ, ఇంట్లో పాత ఫోన్ ఉంటే ముందు దాన్ని హాట్‌స్పాట్ చేసి నాలుగు రోజులు నడిపి చూడండి. పైసా ఖర్చు లేదు. తెనాలిలో చివరికి అదే చేశాం.

టవర్‌మేస్త్రి
మంచి మాట. రెండు మూడు నెట్‌వర్కుల సిమ్‌లు అడిగి తెచ్చుకోండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి స్పీడు చూసి కాగితం మీద రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ అయినా సరిపోతుంది.

కొబ్బరాకు
నాలుగు రోజులు చూశాను. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఒకటో సిమ్, రెండో సిమ్ అంటాను.

మండువాలో ఒకటో సిమ్ -112. డాబా గదిలో తూర్పు కిటికీ దగ్గర అదే సిమ్ -94. మెట్లెక్కితేనే ఇంత తేడా వస్తుందనుకోలేదు. రెండో సిమ్ డాబా మీద కూడా -101.

పొద్దున ఆరింటికి ఒకటో సిమ్ డౌన్‌లోడ్ 34, అప్‌లోడ్ 9. రాత్రి తొమ్మిదికి డౌన్‌లోడ్ 3, అప్‌లోడ్ 0.8. సిగ్నల్ మాత్రం -94 అలాగే ఉంది! రెండో సిమ్ పొద్దున 19, 6. రాత్రి 14, 5. సిగ్నల్ తక్కువున్నదే బాగా నడవడమేంటి?

టవర్‌మేస్త్రి
-112కి, -94కి తేడా 18 డెసిబెల్స్. అంటే అందే బలం అరవై రెట్లు పైమాటే. మందం గోడ, పెంకు మీద తడి, కొబ్బరాకులు కలిసి అంత మింగేస్తున్నాయి. ఆకుల్లో నీళ్లుంటాయి కదా, వానాకాలం ఇంకా మింగుతాయి.

రాత్రి సంగతి జనం. టవర్‌కి ఉన్న దారిని ఊరంతా పంచుకుంటుంది. బువ్వలు తిని అందరూ వీడియోలు పెట్టుకునే వేళ అది. సిగ్నల్ అంటే టవర్ మాట మీకు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది. మీతో మాట్లాడే తీరిక దానికి ఉందా లేదా అన్నది వేరే సంగతి. కళ్లు మూసుకుని రెండో సిమ్ తీసుకోండి.

ఓరుగల్లు_నెట్
మేస్త్రన్న మంచిగ చెప్పిండు.

స్పెక్కులు_చదివేవాడు
అయితే రౌటర్ మండువాలో పెట్టి, బయట యాంటెన్నా డాబా మీద బిగించి, పది మీటర్ల తీగ దించితే సరిపోతుంది కదా?

ఓరుగల్లు_నెట్
వద్దన్నా. గా తప్పు నేను చేసిన. యాంటెన్నాకు పెట్టే సన్న కోయాక్స్ తీగ 2300 దగ్గర మీటరుకు ఒక డెసిబెల్ దాకా తింటది. పది మీటర్లకు పది డెసిబెల్స్, అంటే పదోవంతే మిగుల్తది. రెండు వేలు పెట్టి యాంటెన్నా కొంటే వచ్చిన లాభమంత తీగల్నే పాయె. రౌటర్‌నే పైన పెట్టున్రి, కిందికి లాన్ తీగ గుంజున్రి. లాన్ తీగ వంద మీటర్ల దాంక ఏం తగ్గదు. కింద పాత వైఫై రౌటర్ ఏదన్న ఉంటే యాక్సెస్ పాయింట్ చేసి పెట్టున్రి, కింద వైఫై అది పంచుతది.

స్పెక్కులు_చదివేవాడు
ఈ లెక్క నేను చూడలేదు. మీదే సరైన దారి.

గుంటూరు_కరెంటు
డాబా గదిలో కరెంటు పోతే? ఇన్వర్టర్ కింద హాలుకే ఉంటుంది చాలా ఇళ్లల్లో. మినీ యూపీఎస్ (రౌటర్‌కి పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా) పెట్టుకోండి. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూడండి, 12 ఉంటే 12 వోల్టులదే కొనాలి. ఆంపియర్ మాత్రం అంతకు ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు. మా వాడు 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇచ్చి కాల్చేశాడు.

భీమవరం_చెరువు
అలాగే డాబా గదిలో రేకుల కిందో, మధ్యాహ్నం ఎండ తగిలే కిటికీలోనో పెట్టకండి. మామ్మ గారుంటే ముందే చెప్పండి. మా ఇంట్లో మామ్మ యాంటెన్నాలకి తడి తువ్వాలు ఆరేసింది. కెమెరాలన్నీ ఆగిపోతే రొయ్యల దొంగలొచ్చారేమో అని పొలం నుంచి పరిగెత్తుకొచ్చాం.

కెమెరాలంటే గుర్తొచ్చింది. సిమ్ రౌటర్‌కి మామూలుగా సొంత పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌లో అడ్రస్) రాదు, వేలమంది ఒకే అడ్రస్ వెనక ఉంటారు. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, అంటే రౌటర్లో బయటి నుంచి లోపలికి దారి తెరిచి, బయట్నుంచి కెమెరా చూద్దామంటే కుదరదు. క్లౌడ్ మీద నడిచే కెమెరాలే కొనుక్కోండి. ఆఫీసు వీపీఎన్‌కి ఆ ఇబ్బంది లేదు, మనమే బయటికి వెళ్తాం కాబట్టి.

అమ్మమ్మగారి_మనవరాలు
మోంథా తుపాను అప్పుడు మా వైపు ఫైబర్ తీగలు రోడ్ల మీద పడున్నాయి. మొబైల్ నెట్ కొంతసేపు నడిచి తర్వాత అదీ పోయింది. టవర్లకి కరెంటు లేకపోతే ఎంతసేపు ఆగుతాయి?

టవర్‌మేస్త్రి
బ్యాటరీలుంటాయమ్మా, చాలాచోట్ల డీజిల్ జనరేటర్ కూడా. రోడ్లు మూసుకుపోయి డీజిల్ చేరకపోతే ఆగిపోతాయి. టవర్‌కి కూడా వెనక ఫైబరే వస్తుంది చాలాచోట్ల. అది తెగితే టవర్ నిలబడే ఉంటుంది, నెట్ ఉండదు. అందుకే ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను.

లెక్కల_టీచరమ్మ
కొబ్బరాకు గారూ, డేటా సంగతి తేల్చారా? ఆరు జీబీ మాట అలాగే ఉంది.

కొబ్బరాకు
లేదండీ, అక్కడే ఆగాను. రోజుకి 3 జీబీ ప్లాన్ ఉంది. పైన డేటా ప్యాక్ వేసుకుంటే నెలకి ఫైబర్ బిల్లు కంటే చాలా ఎక్కువవుతోంది.

లెక్కల_టీచరమ్మ
ఫైబర్ ఎందుకు పీకిస్తున్నారు? రెండు నెలల్లో ఐదుసార్లు తెగితే, ఒక్కోసారి నాలుగు రోజులనుకుంటే ఇరవై రోజులు. మిగతా నలభై రోజులు బాగానే నడిచింది కదా. ఫైబర్ ఉంచండి, తెగినప్పుడే సిమ్ వాడండి. అప్పుడు మీ కెమెరా ఆపి స్క్రీన్, గొంతు మాత్రం పంపితే 3 జీబీ చాలు. నేను ఇప్పుడు అలాగే నెట్టుకొస్తున్నా. పిల్లలకి నా మొహంతో పని లేదు, బోర్డు కనిపిస్తే చాలు.

ఓరుగల్లు_నెట్
టీచరమ్మ మాటే రైట్. నేను చెప్పిన ఎంఆర్6400 ల గా సౌకర్యం గూడ ఉన్నది. ఒక పోర్టుకు లాన్, వాన్ (బయటి నెట్ లోపలికి వచ్చేది) అని రెండు పేర్లుంటయి. ఫైబర్ తీగ గండ్ల పెట్టి, సెట్టింగుల వైర్‌లెస్ రౌటర్ మోడ్ పెట్టి, 4జీ బ్యాకప్ ఆన్ చెయ్యి. ఫైబర్ పోంగనె సిమ్ మీదికి పోతది. ఫైబర్ డబ్బా నుంచి పై గదికి ఒక లాన్ తీగ, పై నుంచి కిందికి ఇంకోటి. అంతే.

హాస్టల్‌బాబు
నేను మొదట చిన్నది కొనమన్నా, వెనక్కి తీసుకుంటున్నా. నా రూముకే అది బాగుంది.

కొబ్బరాకు
మూడు వారాలైంది, చెప్పడం నా బాధ్యత.

క్యాట్ 4 రౌటరే తీసుకున్నాను, డాబా గదిలో తూర్పు కిటికీ పక్కన గోడకి బిగించాను, ఎండ తగలదు. రెండో సిమ్ వేశాను. 20 మీటర్ల లాన్ తీగలు రెండు, 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి. కింద మండువాలో పాత రౌటర్ యాక్సెస్ పాయింట్‌గా పెట్టాను. ఎలక్ట్రీషియన్ గోడకి కన్నం వేయడానికే ఒక పూట పట్టింది, సున్నం గోడ అంత మందం.

ఫైబర్ ఉంచాను. మొదటి రోజు నేనే తీగ పీకి చూశాను, నిమిషంలోపే సిమ్ మీదికి మారింది. వీపీఎన్ మాత్రం తెగి మళ్లీ కలపాల్సి వచ్చింది. నిన్న మధ్యాహ్నం నిజంగానే తెగింది, ఆరోసారి. కాల్‌లో ఉన్నాను. కొద్దిసేపు ఆగి మళ్లీ కలిసింది. 'ఏమైంది' అని అడిగారు, 'కొబ్బరిమట్ట' అని చెప్పాను. సాయంత్రం దాకా కెమెరా ఆపి 1.9 జీబీతో గడిపేశాను.

టవర్‌మేస్త్రి
రాత్రి తొమ్మిదికి ఎంత వస్తోంది?

కొబ్బరాకు
డౌన్‌లోడ్ 16, అప్‌లోడ్ 6 మేస్త్రి గారూ. రౌటర్ పేజీలో సిగ్నల్ -97 చూపిస్తోంది, ఫోన్‌లో -101 ఉండేది.

టవర్‌మేస్త్రి
చాలా బాగుంది. వానాకాలం వచ్చాక ఒకసారి చూసి ఇక్కడ రాయండి. ఆ అంకె నాక్కూడా కావాలి.

లెక్కల_టీచరమ్మ
నాన్నగారి మోకాలు ఎలా ఉంది?

కొబ్బరాకు
కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తున్నారండీ. ఫిజియోథెరపీ ఆవిడ కాకినాడ నుంచి వీడియో కాల్‌లో చేయిస్తున్నారు, అదీ ఈ నెట్ మీదే.